బిస్కట్ డబ్బా కోట

గుణుపూరు దాటాక, వంశధార ఒడ్డున
జీడిమామిడి తోటలో ఉందది.
పుట్టుకతోనే పాడుబడ్డ మేడ.

టేపు ఒక కొస నా చేతిలో,
రెండో కొస కాపలాదారు సోంబారు గొమాంగో చేతిలో.
ఒడియాలో అచ్చేసిన ఫారం,
తెలుగులో ఆలోచించి నింపుతాను.
మూడో గడి అడుగుతోంది:
పగుళ్ళెన్ని?

తూర్పున నాలుగు కిటికీలు.
రెండింటికే గాలి తెలుసు.
మిగతా రెండూ గోడ మీద గీసిన రెక్కలు,
ఆకుపచ్చ రంగు, నల్ల గీతలు,
గొళ్ళేనికి నీడ కూడా వేశాడు మహానుభావుడు,
మధ్యాహ్నం మూడింటి నీడ.
పొద్దున్న పదికీ అక్కడ మూడే.

బురుజు సగమే.
పై సగం ఎప్పుడూ లేదు.
లేని సగం కూలితే రాళ్ళెలా పడతాయో అలా
గడ్డిలో తొమ్మిది రాళ్ళు,
ఒక్కోదాని కింద గజం లోతు పునాది.

మెట్లు పదమూడు.
ఎక్కడికని అడిగాను.

"ఏటమ్మా అలగడుగుతావు,
బుగతకి బొమ్మొకటి దొరికింది,
సీమ నుంచొచ్చిన బిస్కట్ల డబ్బా మూత.
కూలిపోయిన కోట, కొలను, ఇద్దరు తెల్లమ్మలు.
ఇలాటిది నాకూ గావాలన్నాడు.
మూత మేస్త్రీ సేతిలో ఎట్టీసి
పర్లాకిమిడి ఎల్లిపోనాడు."

మేస్త్రి బొమ్మాళి గురువులు.
టెక్కలి వైపు నుంచి గానుగ రాయితో,
ఇద్దరు పెళ్ళాలతో బండి కట్టుకొచ్చాడట.
అప్పటిదాకా కట్టినవన్నీ నిలబడటానికే కట్టాడు.
కూలినట్టు నిలబెట్టడం
వాళ్ళ అయ్య నేర్పలేదు.

కరక్కాయ నానబెట్టాడు, బెల్లం కలిపాడు,
సున్నం వెన్నయ్యేదాకా గానుగ తిప్పించాడు.
గోడ నున్నగా మెత్తి, ఆరకముందే
తాపీ మొనతో పగులు దింపాడు,
ఎండిన మడిలో నెర్రె ఎలా పోతుందో అలా,
వంకర తప్పకుండా.
రాత్రి లాంతరు పెట్టి చూసుకుని
నచ్చక పూడ్చి
తెల్లారి మళ్ళీ పగలగొట్టేవాడట.

చిక్కేమిటంటే, మూత తుప్పు పట్టి ఉంది.
ఒక మూల సొట్ట.
ఏది కోట, ఏది తుప్పు?
అడుగుదామంటే దొర లేడు.
గురువులు దేన్నీ వదల్లేదు.
సొట్ట ఉన్న వైపు బురుజు ఒరిగింది.
తుప్పు మచ్చలు ఎర్రమట్టి పూతలయ్యాయి.
ఒక తెల్లమ్మ మొహం దగ్గర రంగు పెచ్చు ఊడిపోతే
మొహం లేని బొమ్మనే చేసి
అరుగు మీద కూర్చోబెట్టాడు.
ఈ చుట్టుపక్కల పెళ్ళికాని పిల్లలు
ఇప్పటికీ దానికి పసుపు రాస్తారు.
ఎక్కడ రాయాలో వాళ్ళకు తెలుసు.

"మరి బుగత చూశాడా?"
"వచ్చినాడు. గుర్రం దిగనేదు.
శానాసేపు నవ్వినాడు.
కూలి మట్టుకు సగమే ఇచ్చినాడు.
సగమే కట్టినావు గదరా అన్నాడట."

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.
గోరు పెట్టి చూస్తే తెలుస్తుంది.
గురువులు పగుళ్ళ అడుగున సున్నం పింగాణీలా ఉంది,
గోరు దిగదు.
వానలు చేసినవాటిలో తడి, చీమలు, ఒక జెర్రి.
అతనివి ముప్పై ఒకటి.
వానవి ఆరు.
వాన పని నాసిరకం.

తేడా రాయడానికి ఫారంలో గడి లేదు.
ముప్పై ఏడని వేస్తే
వచ్చే కాంట్రాక్టరు అన్నింట్లోనూ సిమెంటు కుక్కిపోతాడు.
ఆరు అని వేస్తే
పై ఆఫీసరు వచ్చి, కళ్ళజోడు తీసి
నాకేసి చూస్తాడు.

సోంబారు మేక ఒకటి మెట్లెక్కింది.
పదమూడో దాని మీద నిలబడి
ఏటికేసి చూసింది, ఏదో నమిలింది,
ఒళ్ళంతా ముడుచుకుని వెనక్కి తిరిగి
దిగి వచ్చేసింది.

మెట్టు వెడల్పు కొలవలేదని అప్పుడు గుర్తొచ్చింది.
టేపు పట్టమన్నాను.
రెండడుగుల నాలుగంగుళాలు.
మేకకి ఎక్కువ,
గుర్రం దిగని దొరకి
ఎంతైతేనేం.